పంపని ఉత్తరం: రాయడం వేరు, వదిలించుకోవడం వేరు

క్లుప్తంగా

చనిపోయినవారికో, విడిపోయినవారికో, గాయపరిచినవారికో ఉత్తరం రాసి, దాన్ని పంపకుండా కాల్చడమో నీటిలో వదలడమో చేస్తే మనసు కుదుటపడుతుందన్న సలహా కొన్నేళ్లుగా బాగా ప్రచారంలో ఉంది. ఇందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఉత్తరం రాయడం ఒకటి, రాసిన కాగితాన్ని ఏదో ఒకటి చేయడం రెండోది. రాయడం వల్ల కలిగే మేలు నెమ్మదిగా వస్తుంది, పరిమాణంలో చిన్నది, అయితే దాని వెనుక నాలుగు దశాబ్దాల పరిశోధన ఉంది. కాగితాన్ని వదిలించుకోవడం వల్ల కలిగే ఊరట వెంటనే తెలుస్తుంది, ముఖ్యంగా కోపం విషయంలో. అన్ని రకాల బాధలకూ నిప్పే మందు అన్నట్టు చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. శోకం విషయంలో ఆ సలహా పొరపాటు కూడా కావచ్చు.

ఈ ఆచారం ఎక్కడి నుంచి వచ్చింది

పౌర్ణమి రాత్రి దీపం వెలిగించి, మనసులో ఉన్నదంతా ఒక ఉత్తరంగా రాసి, చివరికి దాన్ని మంటలో వేయమని చెప్పే పద్ధతి పాశ్చాత్య దేశాల నూతన ఆధ్యాత్మిక ధోరణుల నుంచి సామాజిక మాధ్యమాల ద్వారా భారతీయ భాషల్లోకి కూడా చేరింది. అమావాస్యకు సంకల్పం, పౌర్ణమికి విసర్జన అనే విభజన ఆ ధోరణులదే. మన పంచాంగ సంప్రదాయంలో అమావాస్య పితృకార్యాలకు ప్రధానమైన తిథి. రాసి మంటలో వేసే పద్ధతికి కాస్త ముందటి రూపం అమెరికాలోని యూనిటీ చర్చిల్లో కనిపిస్తుంది. అక్కడ కొత్త సంవత్సరం సందర్భంగా, వదిలించుకోదలచిన విషయాన్ని చీటీ మీద రాసి పాత్రలోని మంటకు అప్పగిస్తారు.

రెండో పాయ మానసిక చికిత్స నుంచి వచ్చింది. గెస్టాల్ట్ చికిత్సను ప్రాచుర్యంలోకి తెచ్చిన ఫ్రిట్జ్ పెర్ల్స్ 1960లలో కాలిఫోర్నియాలోని ఎసాలెన్ సంస్థలో నడిపిన శిబిరాల్లో ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయించి, అందులో తల్లో తండ్రో మాజీ భర్తో కూర్చున్నట్టు భావించి మాట్లాడమనేవారు. చెప్పాల్సింది చెప్పకుండా మిగిలిపోయిన వ్యవహారం వర్తమానాన్ని వెంటాడుతుందన్నది ఆ చికిత్స మూలసూత్రం. నోటితో మాట్లాడటానికి బిడియపడేవారికి ఉత్తరం అదే పని చేసే సాధనమైంది. మూడో పాయ మద్యపాన వ్యసనం నుంచి బయటపడాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్‌ది. 1939లో ప్రచురితమైన దాని పన్నెండు మెట్లలో నాలుగోది తనలోని లోపాలను నిర్భయంగా లెక్కతేల్చుకోవడం, దాన్ని కాగితం మీద పెట్టడం.

ఈ మూడు పాయలూ ఒకే తొట్టిలోకి చేరడంతో గందరగోళం మొదలైంది. ఒకే పనిని ఒకరు చికిత్స అంటున్నారు, ఒకరు కర్మబంధ విమోచనం అంటున్నారు, ఇంకొకరు ఉత్తరంలోని శక్తి అవతలి మనిషికి చేరి అతని ప్రవర్తన మారుతుందని చెబుతున్నారు. ఈ చివరి మాటకు ఎలాంటి ఆధారమూ లేదు. పంపని ఉత్తరం ఏదైనా మార్పు తెస్తే అది రాసినవారిలోనే. ఈ స్పష్టత లేకుండా ఉత్తరం రాసి, అవతలివారి నుంచి ఫోను వస్తుందని ఎదురుచూసేవారికి ఆచారం ఉపశమనానికి బదులు కొత్త నిరీక్షణను మిగులుస్తుంది.

నాలుగు వేల ఏళ్ల కిందటి అలవాటు

జవాబు రాదని తెలిసీ ఉత్తరం రాయడం మాత్రం కొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవారికి రాసిన ఉత్తరాలను అలాన్ గార్డినర్, కుర్ట్ సేథే 1928లో సేకరించి ప్రచురించారు. వాటిలో చాలావాటిని నైవేద్యం పెట్టే మట్టిపాత్రల మీదే రాశారు; తిండికోసం వచ్చిన పెద్దలు ఉత్తరం చదవక తప్పదన్న ఆలోచన అందులో ఉంది. కైరో మ్యూజియంలోని ఒక పాత్ర మీద దేది అనే స్త్రీ, చనిపోయిన ఇంతెఫ్ అనే వ్యక్తికి రాసింది. ఇంటి పనిమనిషి జబ్బుపడి ఉంటే నువ్వు రాత్రీ పగలూ ఆమె కోసం ఎందుకు పోరాడటం లేదని నిలదీస్తుంది. లైడెన్ నగరంలో ఉన్న మరో పత్రం ఇంకా ఆసక్తికరమైనది. సుమారు 3,200 ఏళ్ల కిందట ఒక భర్త, చనిపోయిన భార్య అంఖిరీకి రాసిన ఫిర్యాదు అది. బతికున్నంత కాలం నిన్ను బాగా చూసుకున్నాను, నీకు జబ్బు చేస్తే వైద్యుణ్ణి పిలిపించాను, మరి నన్నెందుకు పీడిస్తున్నావని అతను వాదించుకుంటాడు. ఈనాటి మానసిక వైద్యులు ఆ పత్రం చదివితే, అందులో భార్య పీడ కన్నా భర్తలోని అపరాధభావమే ముందు కనబడుతుంది.

కొరియాలోని ఆండాంగ్‌లో 1998లో ఒక సమాధిని తరలిస్తున్నప్పుడు యీ ఉంగ్‌తే అనే వ్యక్తి దేహం పక్కన అతని భార్య 1586లో రాసిన ఉత్తరం దొరికింది. ముప్ఫై ఏళ్ల వయసులో పోయిన భర్తను, నన్నూ బిడ్డనూ వదిలి ఎలా వెళ్లావని ఆమె అడుగుతుంది, కలలోకి వచ్చి జవాబు చెప్పమంటుంది. కాగితం నిండిపోతే అంచుల మీదికి కూడా రాసింది. సమాధిలో ఆమె తన జుట్టు కలిపి అల్లిన చెప్పులు కూడా ఉన్నాయి. ఆమె ఉత్తరాన్ని కాల్చలేదు, తన దగ్గర దాచుకోలేదు, భర్తతో పంపింది. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

శోకంతో సంబంధం లేని ఉదాహరణ ఒకటుంది. 1863 జులైలో, అమెరికా అంతర్యుద్ధంలోని గెటీస్‌బర్గ్ పోరు తర్వాత, ఓడిన సైన్యాన్ని వెంటాడకుండా తప్పించుకోనిచ్చినందుకు జనరల్ మీడ్ మీద అబ్రహాం లింకన్ తీవ్రమైన ఉత్తరం రాశారు. దాన్ని కవరులో పెట్టి, మీడ్‌కు రాసినది, పంపలేదు, సంతకం చేయలేదు అని పైన రాసి పక్కన పెట్టేశారు. అందులో ఆధ్యాత్మికత ఏమీ లేదు, కేవలం విజ్ఞత. యుద్ధం సగంలో ఉండగా గెలిచిన సేనానిని అవమానించడం వల్ల జరిగే నష్టం లింకన్‌కు తెలుసు, అయినా ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాల్సి వచ్చింది.

దేవుడి పేర రాసే అర్జీలు

భారతదేశంలో ఉత్తరం ఒక మతాచారంగా నిలిచిన చోట్లు ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో అల్మోరా దగ్గరి చితయీ గోలూ దేవత గుడిలో వేలాది గంటల మధ్య భక్తులు రాసిన అర్జీలు వేలాడుతుంటాయి. గోలూ న్యాయదేవత. అందుకని కొందరు తమ గోడును కోర్టు స్టాంపు కాగితం మీద రాసి కడతారు. భూమి తగాదా, కనిపించకుండా పోయిన కొడుకు, కోడలి వేధింపు, పరీక్ష ఫలితం, అన్నీ అక్కడ ఉంటాయి. కోరిక తీరినవారు గంట తెచ్చి కడతారు.

శబరిమల అయ్యప్పకు సొంత పిన్‌కోడ్ ఉంది: 689713. మండల, మకరవిళక్కు కాలంలో సన్నిధానం పోస్టాఫీసు తెరిచి ఉంటుంది, అయ్యప్ప పేర ఉత్తరాలు, శుభలేఖలు, మనియార్డర్లు వస్తాయి, వాటిని దేవస్థానానికి అందజేస్తారు. ఏటా ఇరుముడితో వెళ్లే తెలుగు భక్తుల సంఖ్య తెలిసినదే. పెళ్లి తొలి శుభలేఖను ఇలవేల్పు పాదాల దగ్గర పెట్టడం తెలుగు ఇళ్లలో అందరికీ అలవాటైన పని. జెరూసలేంలోని పశ్చిమ కుడ్యం రాళ్ల సందుల్లో జనం దోపే చీటీలను ఏడాదికి రెండుసార్లు తీసి, చదవకుండా, ఆలివ్ కొండ మీద పాతిపెడతారు.

ఈ అర్జీలకూ, ఇప్పటి పంపని ఉత్తరానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గోలూకు రాసే మనిషి అది చేరుతుందని నమ్ముతాడు. అంటే అది నిజంగా పంపిన ఉత్తరమే. తన చేతిలో లేని వ్యవహారాన్ని తనకంటే పెద్ద అధికారికి అప్పగించి, ఇక తీర్పు కోసం ఎదురుచూడటం అందులో ఉన్న ఊరట. పంపని ఉత్తరంలో అప్పగించడానికి పై అధికారి ఎవరూ లేరు, కాబట్టి ఆ ఖాళీని నిప్పో నీరో పూరించాల్సి వస్తోంది. భక్తి ఉన్నవారికి మొదటి పద్ధతిలో దొరికే బలం, భక్తి లేనివారు అదే తంతును అనుకరిస్తే దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. మన శతక కవులు మకుటంలో దేవుణ్ణి పిలిచి నిందించగలిగారంటే, వినేవాడు ఉన్నాడన్న నమ్మకం వల్లనే.

రాయడం ఏం చేస్తుంది

1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో 46 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఈ రంగానికి పునాది. వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయమన్నారు. కొందరు మామూలు విషయాల గురించి రాశారు. మిగిలినవారు జీవితంలోని బాధాకరమైన ఘటన గురించి రాశారు. వారిలో కొందరు జరిగినది మాత్రమే, కొందరు భావాలు మాత్రమే, కొందరు రెండూ కలిపి. జరిగినదీ, దాని గురించిన భావాలూ రెండూ రాసినవారు తర్వాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వారి రక్తపోటు పెరిగింది, దిగులు ఎక్కువైంది. ఈ రెండో సగం ప్రచారంలో తరచుగా మాయమవుతుంది. బాధను రాసి లేచిన వెంటనే తేలికగా ఉంటుందన్న హామీ నిజానికి పరిశోధనకు విరుద్ధమైనది.

ఆ తర్వాత వందలాది అధ్యయనాలు వచ్చాయి. 1998లో జాషువా స్మిత్ 13 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ప్రభావం చెప్పుకోదగినంతగా కనిపించింది. 2006లో జోయాన్ ఫ్రాటరోలి 146 అధ్యయనాలను పరిశీలించేసరికి సగటు ప్రభావం చాలా చిన్నదని, సహసంబంధ గుణకంలో (పూర్తి సంబంధం ఉంటే అది 1) చెబితే 0.075 అని తేలింది. సున్నా మాత్రం కాదు. కాగితం, కలం తప్ప ఖర్చులేని పనికి అది తీసిపారేయదగ్గ ఫలితం కాదు, అలాగని జీవితాలను మార్చేస్తుందని ప్రకటించదగ్గదీ కాదు.

ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు రెండు మూడు సమాధానాలు ఉన్నాయి. భావానికి పేరు పెట్టడం ఒకటి: భయం, కోపం వంటి పేరును ఒక ముఖం ఫోటోకు జోడించినప్పుడు, మెదడులో భయం వంటి భావాలకు స్పందించే అమిగ్డాలా అనే భాగం చురుకుదనం తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపింది. ఇంకా ముఖ్యమైనది కథనం ఏర్పడటం. పెన్నెబేకర్ తన ప్రయోగాల్లో రాసిన కాగితాలను కంప్యూటరుతో విశ్లేషించినప్పుడు, ఎక్కువ మేలు పొందినవారి రాతలో రోజురోజుకూ కార్యకారణాలు కలిపే మాటలు, గ్రహింపును తెలిపే మాటలు పెరుగుతూ వచ్చాయి. ఎందుకంటే, అందువల్ల, ఇప్పుడు అర్థమవుతోంది వంటివి. నేను అన్న మాట నుంచి అతను, మేము అన్న మాటలకు మారుతూ తిరిగి వెనక్కి వచ్చినవారు కూడా మెరుగయ్యారు. అంటే చూసే చోటు మారాలి. నాలుగో రోజు కూడా మొదటి రోజు రాసిన వాక్యాలే రాసినవారికి ఫలితం తక్కువ.

ఉత్తరం అనే రూపానికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉంది. డైరీలో మనిషి తనతో తాను మాట్లాడుకుంటాడు, కాబట్టి సగం చెప్పి ఆపేయవచ్చు. ఉత్తరంలో సంబోధన ఉంటుంది, చదివేవారికి అర్థమయ్యేలా జరిగినది వరుసలో పెట్టాలి, చివరికి సెలవు తీసుకోవాలి. అమ్మకు రాసే వాక్యం, అత్తగారికి రాసే వాక్యం ఒకే గౌరవవాచకంతో నడవవు. నువ్వు అనాలా మీరు అనాలా అన్న తొలి నిర్ణయంలోనే ఆ సంబంధం స్వరూపం బయటపడుతుంది. చదవరని తెలుసు కనుక అబద్ధమాడాల్సిన అవసరం ఉండదు, చదువుతున్నట్టు రాయాలి కనుక అస్పష్టత కుదరదు. ఖాళీ కాగితం మీద భావాలన్నీ రాయమంటే తోచనివారికి కూడా ఫలానావారికి రాయండి అంటే రాత సాగుతుంది.

చించడం, కాల్చడం, కవరులో పెట్టడం

రాసిన తర్వాత కాగితాన్ని ఏం చేయాలన్నది వేరే పరిశోధన. స్పెయిన్‌లో పాబ్లో బ్రిన్యోల్, అమెరికాలో రిచర్డ్ పెటీ తదితరులు కలిసి 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ ఆలోచనలను రాసి ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసినవారి నిర్ణయాలను ఆ ఆలోచనలు తక్కువగా ప్రభావితం చేశాయి. జేబులో పెట్టుకున్నవారి మీద ప్రభావం పెరిగింది. పారేసినట్టు ఊహించుకున్నంత మాత్రాన ఫలితం రాలేదు. అంతకుముందు 2010లో షియూపింగ్ లీ బృందం, పశ్చాత్తాపపడుతున్న నిర్ణయం గురించి రాసిన కాగితాన్ని కవరులో పెట్టి మూసినవారిలో ఆ చేదు కొంత తగ్గిందని చూపింది.

2024లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు యూతా కనాయా, నొబుయుకి కవాయ్ చేసిన ప్రయోగం ఈ ఆచారానికి అతి దగ్గరగా ఉంది. విద్యార్థులు ఒక సామాజిక సమస్యపై రాసిన అభిప్రాయానికి తక్కువ మార్కులు వేసి, చదువుకున్నవారు ఇలా ఆలోచిస్తారా అన్న అవమానకరమైన వ్యాఖ్య జోడించి ఇచ్చారు. తర్వాత తమ కోపాన్ని కాగితం మీద రాయమన్నారు. ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసినవారి కోపం, ముక్కలు చేసే యంత్రంలో పెట్టినవారి కోపం దాదాపు మొదటి స్థాయికి దిగిపోయింది. ఫైలులో దాచినవారి కోపం కొద్దిగానే తగ్గింది. చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదవగానే చించి పారేసే అలవాటు తెలుగు ఇళ్లలో ఉత్తరాల కాలమంతా ఉండేది. అది అశుభాన్ని ఇంట్లో ఉంచకూడదన్న నమ్మకం. కాగితంతోపాటు దాని బరువు కూడా బయటికి పోతుందన్న భావన మాత్రం రెంటికీ ఒకటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలో పుట్టించిన కోపం నిమిషాల వయసుది. ఇరవై ఏళ్లు కొట్టిన తండ్రి మీది కోపం ఒక కాగితంతో ముగుస్తుందని ఆ ప్రయోగం చెప్పదు. ఇంకా, చించడం వేరు, వీరంగం వేరు. బ్రాడ్ బుష్మన్ 2002లో 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో తమను అవమానించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవారి కోపం పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవారి పరిస్థితే మెరుగ్గా ఉంది. ఉత్తరాన్ని కాల్చేటప్పుడు మంటలో శత్రువు ముఖం చూడమని చెప్పే శిబిరాలు నగోయా కంటే బుష్మన్ ప్రయోగానికే దగ్గరగా ఉన్నాయి.

తంతు విషయానికొస్తే, మైకేల్ నార్టన్, ఫ్రాన్చెస్కా జీనో 2014లో ప్రచురించిన పరిశోధన ఆసక్తికరమైనది. 200 డాలర్ల లాటరీలో ఓడిపోయినవారిలో కొందరిని, తమ భావాన్ని కాగితం మీద గీసి, దాని మీద ఉప్పు చల్లి, చించి, మనసులో పది వరకు ఐదుసార్లు లెక్కపెట్టమన్నారు. అర్థంలేని ఆ తంతు చేసినవారిలో బాధ తక్కువగా కనిపించింది, తంతుల మీద నమ్మకం లేనివారిలో కూడా. కారణం, పరిస్థితి తమ చేతిలో ఉందన్న భావన తిరిగి రావడం. ఆప్తులను పోగొట్టుకున్నవారు చేసుకున్న తంతులను అడిగి తెలుసుకుంటే వాటిలో ఎక్కువ భాగం ఏకాంతంగా చేసినవి, ఏ మతానికీ చెందనివి. పౌర్ణమి, కర్పూరం, ఫలానా రంగు కొవ్వొత్తి ఇవన్నీ ఈ లెక్కన ఉప్పు చల్లడంతో సమానం. వాటిలో తప్పు లేదు. వాటికే ధర కట్టి అమ్మడంలో ఉంది.

కోపానికి నిప్పు సరే, శోకానికి?

పై ప్రయోగాల్లో ఎక్కువ భాగం కోపం, పశ్చాత్తాపం, అవమానం వంటి భావాలకు సంబంధించినవి. అవి మనిషి వదిలించుకోవాలనుకునేవి. చనిపోయిన తల్లికి రాసిన ఉత్తరం అలాంటిది కాదు. అయినా సామాజిక మాధ్యమాల సలహా రెండింటికీ ఒకటే: రాయండి, కాల్చండి, వదిలేయండి. ఈ ఆచారంలో అతి పెద్ద లోపం ఇదే.

శోకమంటే పోయినవారి నుంచి మనసును క్రమంగా విడదీసుకోవడమన్న అభిప్రాయం 1917లో సిగ్మండ్ ఫ్రాయిడ్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. 1920లో తన కూతురు సోఫీ ఫ్లూ జ్వరంతో చనిపోయిన తర్వాత అదే ఫ్రాయిడ్, 1929లో ఆమె ముప్ఫై ఆరో పుట్టినరోజు నాడు, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రునికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీ ఎన్నటికీ నిండదని, అలా ఉండటమే సబబని, ఆ ప్రేమను నిలుపుకొనే దారి అదేనని ఒప్పుకున్నారు. సిద్ధాంతం ఆ అనుభవాన్ని అందుకోవడానికి చాలాకాలం పట్టింది. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ముందుకు తెచ్చిన కొనసాగే బంధాల భావన ప్రకారం, ఆరోగ్యవంతమైన శోకంలో బంధం తెగిపోదు, రూపం మారుతుంది. శోకచికిత్సలో పనిచేసే రాబర్ట్ నీమయర్ వంటివారు చనిపోయినవారికి ఉత్తరం రాయించడం ఈ ఉద్దేశంతోనే. ఆ ఉత్తరాన్ని తగలబెట్టమని చెప్పడానికి కాదు.

తెలుగువారికి ఈ భావన పరాయిది కాదు. భాద్రపద బహుళంలో మహాలయ పక్షాల్లో గోత్రం, పేరు చెప్పి నువ్వులతో నీళ్లు వదలడం, తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేర బియ్యం ఇవ్వడం, కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టడం, ఇవన్నీ పోయినవారిని ఏటా పేరుపెట్టి పలకరించే ఏర్పాట్లే. బంధువులు కాని గురువులు, మిత్రులకు కూడా కారుణ్య పితృల కింద తర్పణం విడిచే వీలుంది. అయితే ఈ ఏర్పాటులో కొందరికి చోటు తక్కువ. కర్త సాధారణంగా కొడుకు. కూతురు చూసేవారి వరుసలో ఉంటుంది. గర్భంలోనే పోయిన బిడ్డకు, పసితనంలో పోయిన బిడ్డకు ఏటా పెట్టే తద్దినం లేదు. విడాకుల తర్వాత చనిపోయిన భర్త కోసం మాజీ భార్య, రహస్యంగా ప్రేమించిన మనిషి కోసం మిగిలిన మనిషి ఏ కర్మలోనూ కనిపించరు. పితృదేవతల మీద కోపం ప్రకటించే మంత్రం ఏదీ లేదు. కెనెత్ డోకా 1989లో సమాజం గుర్తించని శోకం అని పేరుపెట్టినది సరిగ్గా దీనికే. పంపని ఉత్తరానికి ఇప్పుడు ఇంత ఆదరణ రావడానికి ఈ ఖాళీలే ప్రధాన కారణమనుకోవడానికి వీలుంది. జపాన్‌లో గర్భస్రావమైన శిశువుల కోసం 1970ల నుంచి విస్తరించిన మిజుకో కుయో ఆచారంలో తల్లులు, పిల్లలను కాపాడే బోధిసత్వుడిగా కొలిచే జీజో ఆలయాల్లో, చెక్క పలకల మీద బిడ్డకు క్షమాపణలు రాసి కట్టడం ఇలాంటి ఖాళీని ఒక మతం తానే పూరించిన సందర్భం.

అలా చేరవేసే చోటు ఉంటే ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ కూడా జపాన్‌లోనే ఉంది. కగావా ప్రాంతంలోని అవాషిమా ద్వీపంలో మూతబడిన పాత పోస్టాఫీసును సాయా కుబోతా అనే కళాకారిణి 2013లో ఒక కళాప్రదర్శనలో భాగంగా చిరునామా లేని ఉత్తరాల పోస్టాఫీసుగా మార్చారు. పోయినవారికి, ఎక్కడున్నారో తెలియనివారికి, ఇంకా పుట్టనివారికి రాసిన ఉత్తరాలు వేల సంఖ్యలో అక్కడికి వచ్చాయి. వచ్చినవారు వాటిని చదవవచ్చు. నెల రోజుల ప్రదర్శనగా అనుకున్నది ఏళ్ల తరబడి కొనసాగింది. అక్కడ ఏ ఉత్తరాన్నీ కాల్చరు.

ఎదురు తిరిగే సందర్భాలు

డేవిడ్ స్బారా బృందం 2013లో భాగస్వామి నుంచి ఇటీవలే విడిపోయిన 90 మందితో చేసిన అధ్యయనంలో, జరిగినదాన్నే పదేపదే తవ్వుకునే స్వభావం ఉన్నవారికి భావాలు రాయడం మేలు చేయకపోగా కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. రోజువారీ పనుల జాబితా మాత్రమే రాసినవారు వారికన్నా మెరుగ్గా ఉన్నారు. మానుతున్న పుండు మీది పక్కును రోజూ గోకి చూసుకోవడం లాంటిది ఆ రాత. కారణం వెతకడం పేరిట ఒకే ప్రశ్నను తిప్పితిప్పి అడిగే మనిషికి ఉత్తరం మరో అవకాశమవుతుంది. మూడు నాలుగు సార్లు రాసినా వాక్యాలు మారకపోతే, ప్రతి ఉత్తరం తర్వాతా నిద్ర పట్టకపోతే, ఆపడమే మంచిది.

సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ప్రమాదమో అత్యాచారమో జరిగిన వెంటనే బాధితులను ఒక్కసారి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే పద్ధతి వల్ల ప్రయోజనం లేదని, కొందరికి హాని కూడా జరగవచ్చని, వైద్య పరిశోధనలను కలిపి మదింపు చేసే కోక్రేన్ సమీక్షలు చాలాకాలం కిందటే తేల్చాయి. శోకం పన్నెండు నెలలు దాటినా రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తూ ఉంటే, అమెరికా మనోరోగ వైద్యుల సూచిక 2022 నుంచి దాన్ని దీర్ఘశోక రుగ్మతగా గుర్తిస్తోంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో కేథరిన్ షియర్ రూపొందించిన చికిత్సలో పోయినవారితో ఊహాసంభాషణ ఉంటుంది, కానీ అది శిక్షణ పొందిన చికిత్సకుల సమక్షంలో, అనేక వారాల ప్రణాళికలో ఒక భాగం. ఒంటరిగా అర్ధరాత్రి మేడ మీద చేసే తంతు దానికి ప్రత్యామ్నాయం కాదు. రాస్తున్న ఉత్తరం మెల్లగా తానూ వెళ్లిపోతానన్న వీడ్కోలుగా మారుతుంటే అది ఆచారం పరిధి దాటినట్టే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ దొరుకుతుంది.

ఇప్పుడు ఇంకో మార్పు వస్తోంది. చనిపోయినవారి పాత సందేశాల ఆధారంగా వారి ధోరణిలో జవాబిచ్చే కృత్రిమ మేధ సేవలు విదేశాల్లో వచ్చాయి. ఖాళీ కుర్చీ పద్ధతిలో కూడా జవాబు ఉండేది. కానీ ఆ మనిషే లేచి ఎదుటి కుర్చీలో కూర్చుని, ఎదుటివారు ఏమంటారో తానే చెప్పాలి. చూసే చోటు మారేది అక్కడే. యంత్రం జవాబిస్తే ఆ శ్రమ రాసేవారికి తప్పిపోతుంది, సంభాషణకు ముగింపు కూడా ఉండదు. పైగా కాగితం చించితే పోతుంది, సర్వరులో చేరిన ఉత్తరం పోదు.

పంపాల్సిన ఉత్తరాలు

ఉత్తరం పంపకపోవడాన్ని క్షమాగుణంగా, పరిణతిగా ప్రశంసించే ధోరణి కూడా పెరిగింది. ఇక్కడ ఆల్కహాలిక్స్ అనానిమస్ ఎనిమిది, తొమ్మిది మెట్లు చాలా ఆచార సమూహాల కన్నా కచ్చితంగా ఉన్నాయి. హాని చేసినవారందరి జాబితా తయారుచేసుకోవాలి. వీలైనచోటల్లా నేరుగా పరిహారం చేయాలి. అలా చేయడం వల్ల వారికో ఇతరులకో హాని కలిగే సందర్భం మాత్రమే మినహాయింపు. ఆ మినహాయింపులోకి వచ్చేవి, చిరునామా శాశ్వతంగా పోయినవి మాత్రమే పంపనివిగా మిగలాలి. బతికున్న తమ్ముడికి బాకీ ఉన్న డబ్బు గురించిన ఉత్తరం కాల్చితే బాకీ తీరదు. కొట్టే భర్తకు రాసిన ఉత్తరం నీటిలో కలిపితే రక్షణ దొరకదు. ఆ పనికి 2005 నాటి గృహహింస చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నాయి. గురువు, శిబిర నిర్వాహకుడు, బంధువు ఎవరైనా ఫిర్యాదుకు బదులుగా ఇలాంటి ఉత్తరం రాసి శాంతించమని చెబుతుంటే, ఆ సలహా వల్ల ఎవరికి మేలు జరుగుతోందో చూడాలి.

బతికున్నవారి విషయంలో పంపని ఉత్తరానికి సరైన స్థానం చిత్తుప్రతిది. అందులో నిందలు, పాత లెక్కలు, ఏడుపు అన్నీ ఉండవచ్చు. కొన్ని రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే, వాటి మధ్య అవతలివారు నిజంగా వినవలసిన నాలుగు వాక్యాలు సాధారణంగా కనబడతాయి. వాటిని వేరే కాగితం మీదికి ఎత్తి రాసి, ఆ కాగితం మీద చిరునామా రాయవచ్చు.